భైరవకోన జలపాతం: ఏ నెలలో వెళితే ఏ నీరు

నేను కనిగిరిలో బోరు మోటార్లు బాగుచేస్తాను. పదహారేళ్ళుగా ఇదే పని. భూమిలోకి దించిన పైపులను ఒక్కొక్కటిగా పైకి లాగడం, కాలిన మోటారుకు వైండింగు కట్టడం, మళ్ళీ దించి స్టార్టరు నొక్కి పైపు మూతి దగ్గర నిలబడటం. మా దగ్గర బోరులో ఎంత నీరు పడిందో లీటర్లలో ఎవరూ చెప్పరు, అంగుళాల్లో చెబుతారు. అంగుళం పడితే రైతు బోరు లారీ వాళ్ళందరికీ టీ తెప్పిస్తాడు. రెండంగుళాలు పడితే పక్క చేల వాళ్ళు వచ్చి చూసి వెళతారు. ఎనిమిది వందల అడుగులు వేసినా దుమ్మే లేస్తే అక్కడున్న వాళ్ళెవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

నీటి కోసం ఎప్పుడూ నేలలోకి చూసే నేను తల పైకెత్తి చూసిన చోటు భైరవకోన. 2014 నుంచి పదకొండు సార్లు వెళ్ళాను. వానల్లో వెళ్ళాను, ఎండల్లో వెళ్ళాను, ఒకసారి సగం దారిలో వెనక్కు తిరిగాను. ఏదో ఒక ఆదివారం వెళ్ళి వచ్చి 'అక్కడ నీళ్ళే లేవు' అనేవాళ్ళూ, 'హోరెత్తిపోతోంది' అనేవాళ్ళూ నా దుకాణానికి వస్తుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ళు వెళ్ళిన నెలలు వేరు, అంతే. అందుకని ఈ జలపాతానికి మార్కులు వేసేముందు ఏ నెల అన్నది చెప్పి తీరాలి.

తెలియని వాళ్ళకు దారి చెబుతాను. ఉమ్మడి ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం (సి.ఎస్.పురం) మండలంలో, అంబవరం కొత్తపల్లి దగ్గర, నల్లమల కొండల మధ్య ఉంది భైరవకోన. కనిగిరి నుంచి మేము సి.ఎస్.పురం మీదుగా వెళతాం. నెల్లూరు, కావలి వైపు వాళ్ళు పామూరు మీదుగానో, ఉదయగిరి, సీతారామపురం మీదుగానో వస్తారు. మా కనిగిరి కూడా 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోదే. మా నాయన ఇప్పటికీ నెల్లూరు వాళ్ళను 'మన జిల్లా వాళ్ళు' అంటాడు. ఇటు పామూరు, అటు ఉదయగిరి, ఈ రెండింటి జనమూ కార్తీకంలో ఇక్కడే కలుస్తారు కాబట్టి ఆ మాట తప్పని నాకూ అనిపించదు.

నీరు 200 అడుగుల ఎత్తు నుంచి పడుతుందని చెబుతారు. నేను బోరులో దించే ఇనుప పైపు ఒక్కొక్కటి 20 అడుగులు. అంటే పది పైపులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. పది పైపులు లాగితే మా కుర్రాళ్ళ భుజాలు పట్టేస్తాయి. ఆ ఎత్తు ఎంతో నాకు భుజాలతో తెలుసు.

అసలు విషయానికి వస్తాను. చాలామంది జలపాతం అనగానే శ్రావణం, భాద్రపదం అనుకుంటారు. తెలంగాణలోనో, పడమటి కనుమల్లోనో అయితే అది సరే. మా వైపు ఆకాశం లెక్క వేరు. నైరుతి రుతుపవనాలు మా దాకా వచ్చేసరికి చాలా ఏళ్ళు మబ్బులు చూపించి పోతాయి. మాకు గట్టిగా వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టినప్పుడు. నెల్లూరు జిల్లాకైతే ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే కురుస్తుంది. కాబట్టి భైరవకోన జలపాతానికి కొత్త సంవత్సరం దీపావళితో మొదలవుతుంది.

ఇది తెలియక మా బావ నష్టపోయాడు. 2018 ఆగస్టులో హైదరాబాదు నుంచి అక్కనూ పిల్లలనూ తీసుకుని వచ్చాడు. ఎవరో ట్రావెల్స్ వాళ్ళు 'వర్షాకాలపు జలపాతాల యాత్ర' అని మనిషికి ఇంత అని తీసుకుని, వ్యానులో ఎక్కించి పంపారు. దారిలో నేనూ ఎక్కాను. వ్యాను దిగి చూస్తే బండ మీద నల్లటి చార, ఆ చార మీద దారం లాంటి నీరు. పిల్లలు ఈతకని టైర్ల గొట్టాలు కూడా తెచ్చుకున్నారు. చిన్నవాడు గుండంలో దిగితే నీరు పిక్కల దాకా కూడా రాలేదు. ఆ ఏడాది మా జిల్లాలో కరువు. బోర్లే ఎండిపోయి రైతులు పైపులు తీయించి అమ్ముకుంటుంటే కొండకు మాత్రం నీరెక్కడిది? బావ వ్యాను డ్రైవరు మీద కేకలు వేశాడు. పాపం, ఆ డ్రైవరుకేం తెలుసు. ఆగస్టులో నిండు జలపాతం బొమ్మ పెట్టి డబ్బు తీసుకున్నవాళ్ళు ఆ బొమ్మ ఏ నెలలో తీసిందో చెప్పి ఉండాల్సింది. మీకు ఎవరైనా ఇలాంటి యాత్ర అమ్మితే ముందు పామూరులోనో సి.ఎస్.పురంలోనో తెలిసినవాళ్ళకు ఫోను చేసి 'వాగు పారుతోందా' అని అడగండి. వాగు పారుతోంటే జలపాతం ఉన్నట్టే.

ఇక కార్తీకం. జనం అందరూ వచ్చేది అప్పుడే. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల సెలయేటి నీటిలో పడి, అక్కడి నుంచి గుహాలయంలోని దుర్గాంబ అమ్మవారి మీద ప్రసరిస్తుందని ఇక్కడి నమ్మకం. 2023 నవంబరు ఆఖరున వచ్చిన పౌర్ణమికి నేనూ, మా ఆవిడా వెళ్ళాం. ఆ ఏడాది అక్టోబరంతా చినుకు లేదు. జలపాతం నా లెక్కలో ఒకటిన్నర అంగుళం. ఎంత సన్నగా ఉందంటే, గాలి వీస్తే ధార మధ్యలోనే విరిగి బండకు దూరంగా పడేది. అయినా వెన్నెల ఉంది. జనం మధ్య నిలబడి మెడ చాచి చూశాను. అమ్మవారి ముఖం మీద వెలుగు కదిలింది, నీరు కదిలినట్టే. అంతకు మించి దాని గురించి రాయడం నాకు చేతకాదు. మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

సరిగ్గా వారం తిరిగేసరికి తుపాను. డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఎక్కడ చూసినా నీరే. మా వీధిలో మోకాలి లోతు నిలిచింది. వాన ఆగిన పది రోజులకు నేను ఒక్కడినే మోటారు సైకిలు మీద వెళ్ళాను, అదే చోటు చూడాలని. దూరం నుంచే వినిపించింది. మొన్న గాలికి విరిగిన ఆ ధార ఇప్పుడు గాలినే పుట్టిస్తోంది. గుండం ఒడ్డున నిలబడితే చొక్కా తడిసిపోయింది. అంగుళాల్లో చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. మా కనిగిరి బోర్లన్నీ ఒకేసారి ఆన్ చేసినా అంత నీరు రాదని మాత్రం చెప్పగలను.

ఆ హోరు చూసి ఆశపడి వాన పడుతుండగానే బయలుదేరకండి. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. 2021లో కార్తీక పౌర్ణమి నవంబరు 19న వచ్చింది. ముందు రోజు నుంచి ఒకటే వాన. 'పౌర్ణమి కదా, ఆయనే చూసుకుంటాడు' అని ఆటో కట్టించుకుని బయలుదేరాం. ఊరు దాటాక ఒక వాగు దగ్గర నీరు ఎర్రగా, వేగంగా, రోడ్డు మీది నుంచి పోతోంది. అవతల ఒడ్డు కనిపిస్తూనే ఉంది, లారీ వాడొకడు దాటి వచ్చాడు కూడా. నాతో ఉన్న మేనమామ 'వెనక్కి తిప్పరా నాయనా, దేవుడు వచ్చే సోమవారం కూడా అక్కడే ఉంటాడు' అన్నాడు. తిప్పాం. అదే రోజు పొద్దున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, నది ఒడ్డున శివాలయానికి వెళ్ళిన భక్తులు కొట్టుకుపోయారని సాయంత్రం టీవీలో చూశాం. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు. కొండ వాగుకు మోటారుకున్నట్టు స్విచ్చి ఉండదు. మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా, పైన కొండల్లో వాన పడితే నీరు మీ దగ్గరికి ఒక్కసారిగా వస్తుంది. నీరు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా గుండంలోంచి వెంటనే బయటికి రండి. ఫోటో తరువాత తీసుకోవచ్చు.

అయితే ఎప్పుడు వెళ్ళాలి? మార్గశిరం ఆఖరు నుంచి పుష్యం దాకా. అంటే డిసెంబరు మూడో వారం నుంచి జనవరి ఆఖరు వరకు. ఐదుకు ఐదు మార్కులు నేను వేసేది ఈ ఆరు వారాల భైరవకోనకే.

ఎందుకో నా వృత్తి మాటల్లో చెబుతాను. కొండంటే గట్టి ముద్ద కాదు. బండల పొరల మధ్య సందులుంటాయి, పగుళ్ళుంటాయి. మేము బోరు వేసేటప్పుడు వెతికేది ఆ సందునే. తుపానులో పడిన వానలో పైపైన జారిపోయేది హోరెత్తి కొద్ది రోజుల్లో వాగు పాలవుతుంది. అడవి ఆకుల కింద ఇంకి, సందుల్లోకి దిగినది మాత్రం ఆగి ఆగి వస్తుంది. మొదటిది మట్టి కలిసిన నీరు, రెండోది వడపోసిన నీరు. జనవరిలో మీరు చూసేది ఆ రెండోదాన్ని. పడే ధార వెనుక బండ కనిపిస్తుంది. గుండం అడుగున గులకరాయి కనిపిస్తుంది. ధార కింద తల పెడితే మాడు మీద కొట్టినట్టు ఉండదు, ఎవరో ఓపికగా తలంటు పోస్తున్నట్టు ఉంటుంది. నీరు చల్లగా, పళ్ళు జివ్వుమనేంత. ఏడు గంటలకు వెళితే ఎండ ఇంకా లోయలోకి దిగి ఉండదు. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఎండ కొండ అంచు దాటి ధార పైభాగాన్ని తాకుతుంది. అక్కడి నుంచి కిందికి దిగడానికి కొంతసేపు పడుతుంది. నేను ఒకసారి పూర్తిగా కూర్చుని చూశాను. తెల్లటి ధార మీద పసుపు రంగు అడుగడుగునా కిందికి పాకింది, తడిసిన చీర అంచు ఆరుతున్నట్టు.

మామూలు పనిదినాల్లో వెళ్ళండి. మంగళవారమో బుధవారమో అయితే ఇంకా మంచిది. 2022 జనవరిలో ఒక బుధవారం నేను వెళ్ళినప్పుడు గుండం దగ్గర నాతో కలిపి నలుగురం. మిగతా ముగ్గురూ మేకల వాళ్ళు. వాళ్ళలో పెద్దాయన 'ఈసారి ఉగాది దాకా ఉంటుంది లేయ్యా' అని ధారను చూసి చెప్పాడు. అన్నట్టే ఉంది. నా చేతిలో ఏ పరికరమూ ఆయన కన్ను చెప్పినంత చెప్పలేదు.

స్నానం చేసి వెంటనే బండి ఎక్కేయకుండా గుహాలయాలు చూడండి. జలపాతం కోసమే వచ్చేవాళ్ళు వీటిని పది నిమిషాల్లో ముగించడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఒకే కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, ఏడో ఎనిమిదో శతాబ్దం నాటివని చెబుతారు. ఎనిమిదింటిలో ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉంటాయి. శశినాగలింగం, రుద్రేశ్వరుడు, భర్గేశ్వరుడు, ఇలా ఒక్కో శివుడికి ఒక్కో పేరు. తలుపుల పక్కన ద్వారపాలకులు. ఇప్పుడు మా బోరు యంత్రాలు ఆరున్నర అంగుళాల బెజ్జం వేయడానికే బండ గట్టిదైతే బిట్లు అరిగిపోతాయి. యంత్రం లేని రోజుల్లో, ఉలి మాత్రమే పట్టుకుని, తప్పు పోతే మళ్ళీ అతికించే వీలు లేని రాతిలో వాళ్ళు లోపలికి తొలుచుకుంటూ పోయారు. అంతసేపూ పక్కనే ఈ నీటి చప్పుడు విని ఉంటారు. నేను ప్రతిసారీ ఒక గోడ మీద అరచెయ్యి పెట్టి ఉలి దెబ్బల వరసను తడిమి చూస్తాను.

తిండికి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం అన్నదానం పెడతారు. వేడి అన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ తిన్నాను నేను. ఉచితమే, హుండీలో మీకు తోచింది వేయండి. కార్తీకంలో దారి పక్కన సీతాఫలాల బుట్టలు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చుంటారు. కొండ కాయ చిన్నది, గింజ ఎక్కువ, తీపి మాత్రం తోట కాయకు రాదు. బేరమాడకుండా కొనండి, ఆ కాయ కోసం వాళ్ళు తెల్లవారుజామునే కొండెక్కి ఉంటారు. చిల్లర డబ్బు దగ్గర పెట్టుకోండి, నా ఫోనుకు చాలాసార్లు సిగ్నల్ అందలేదు. కోతులున్నాయి, చేతిలో సంచి ఊపుకుంటూ నడవకండి.

నాకు కోపం తెప్పించేది మాత్రం ఒకటుంది. వచ్చేవాళ్ళ తీరు. షాంపూ పొట్లాలు, సబ్బు ముక్కలు, పాత బట్టలు గుండంలోనే వదిలేస్తారు. 2022లో అదే గుండంలో ఎవరో పగలగొట్టి పోయిన సీసా పెంకు మా చిన్నవాడి పాదంలో దిగింది. మూడు కుట్లు పడ్డాయి. అది గుడి దగ్గర, పిల్లలు ఆడే నీటిలో. కింద ఊళ్ళలో గుక్కెడు మంచినీటి కోసం క్యాను ఇరవై రూపాయలు పెట్టి కొంటున్నాం, ఇక్కడ కొండ ఊరికే ఇస్తే అందులో గాజు వేస్తున్నాం. నేను వెళ్ళిన ప్రతిసారీ ఒక ఖాళీ యూరియా సంచి తీసుకెళ్ళి, నింపి వెనక్కి తెస్తాను. మీరు సంచి నింపకపోయినా ఫరవాలేదు, మీరు తెచ్చింది మీరు తీసుకుపోండి. రబ్బరు చెప్పులు కాళ్ళకు ఉంచుకునే నీటిలో దిగండి.

మాఘం, ఫాల్గుణాల్లో నీరు తగ్గుతూ పోతుంది. శివరాత్రికి జనం విరగబడతారు, నీటి కోసం వెళ్ళేవాళ్ళు ఆ రోజులు వదిలేయడం మంచిది. కాకపోతే దారిలో మోదుగలు పూసి ఉంటాయి, ఆకు ఒక్కటి లేకుండా చెట్టంతా కాషాయం. నీరు లేని నెలల్లో కొండ ఆ రంగు పెట్టుకుంటుంది.

చివరగా వేసవి సంగతి. మే నెలలో వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను, ఎండకు బండలు కాలతాయి. 2024 మేలో నేను వెళ్ళింది మా నాయన కోసం.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా కనిగిరి చుట్టుపక్కల చాలా ఊళ్ళ బోరు నీటిలో అది దాటే ఉంటుంది. నాయనకు చిన్నతనంలోనే పళ్ళు గారపట్టాయి. యాభై దాటాక నడుము, మోకాళ్ళు బిగుసుకున్నాయి. ఇప్పుడు మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆ నీటిని నేలలోంచి తోడి ఇచ్చిన మోటార్లలో నేను బాగుచేసినవి ఎన్నో. ఆ మాట ఆయన నన్ను ఎప్పుడూ అనలేదు, నేనే అనుకుంటుంటాను. చాలా ఏళ్ళుగా 'కోనకు తీసుకుపో' అంటున్నాడు. చల్లటి నెలల్లో కీళ్ళు మరీ పట్టేస్తాయి కాబట్టి ఎండాకాలంలోనే కదలగలడు. పొద్దున ఆరుకే చేరేలా ఆటో మాట్లాడాను.

మెట్ల దగ్గర నేనూ, ఆటో అతనూ చెరొక రెక్క పట్టుకున్నాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు ఇద్దరు మనుషులనైనా వెంట పెట్టుకోండి, తడి రాళ్ళ మీద ఒక్కరి వల్ల కాదు. ధార అంటూ ఏమీ లేదు. బండ మీద తడి, ఆ తడి చివరన చుక్క చుక్కగా నీరు, కింద గుండంలో అడుగున్నర లోతు. నాకు సిగ్గేసింది, ఇన్నేళ్ళకు తీసుకొచ్చి ఇదా చూపించేది అని.

నాయనను రాతి మీద కూర్చోబెట్టి కాళ్ళు నీటిలో పెట్టాను. చాలాసేపు కాళ్ళు కదిలిస్తూ కూర్చున్నాడు. తరువాత పైనుంచి పడే చుక్కల కింద దోసిలి పట్టమన్నాడు. దోసిలి నిండడానికి కొంతసేపు పట్టింది. అందులోంచి కొంచెం నోట్లోకి తీసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకున్నాడు.

"ఉప్పు లేదురా అబ్బాయీ" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు, ఎప్పుడో నాయనమ్మ వాడిన గరిటె గుర్తొచ్చిందని ఉదయగిరి మీదుగా పోనివ్వమన్నాడు. చుట్టు దారే అయినా పోయాం. అక్కడి చెక్క గరిటెల పని చూసి రెండు కొన్నాడు. ఇంటికొచ్చాక గరిటెలు మా ఆవిడ చేతిలో పెట్టి, మెడతో పాటు మనిషంతా నావైపు తిరిగి, "వానలు తగ్గాక మళ్ళీ పోదాం, ఈసారి చలైనా ఓర్చుకుంటాను" అన్నాడు. ఈ పుష్యానికి ఆటో అతనికి ఇప్పుడే చెప్పి ఉంచాను. బుధవారం, పొద్దున ఆరు గంటలకు.